క్లాపమ్ కామన్ సంతాప సభ (2021)

క్లాపమ్ కామన్ సంతాప సభ 2021 మార్చి 13న దక్షిణ లండన్‌లోని క్లాపమ్ కామన్ అనే మైదానంలో జరిగిన మహిళల సమావేశం. సారా ఎవరార్డ్ అనే 33 ఏళ్ళ మహిళ హత్యకు సంతాపం తెలుపుటకు, వీధులలో స్త్రీలకు భద్రత కావాలని కోరుటకు ప్రజలు ఇక్కడ గుమికూడారు. ఆ సమయంలో ఇంగ్లాండులో కోవిడ్-19 లాక్‌డౌన్ అమలులో ఉన్నది. ఇటువంటి సభ చట్టవిరుద్ధమవుతుందని లండన్ నగర మెట్రోపాలిటన్ పోలీసు శాఖ ముందుగానే హెచ్చరించినది. అయినప్పటికీ వచ్చిన జనాన్ని ఆ రాత్రి చెదరగొట్టినది. సభ నిర్వాహకుల పట్ల పోలీసులు వ్యవహరించిన తీరు వారి హక్కులకు భంగకరమని 2022 మార్చి 11న హైకోర్టు తీర్పు చెప్పినది. అత్యవసర ఆరోగ్య నిబంధనలకు, నిరసన తెలిపే హక్కుకు మధ్య గల సంబంధాన్ని వివరించిన ముఖ్యమైన తీర్పులలో ఇది ఒకటి.

నేపథ్యం

స్త్రీలు రాత్రివేళ నిర్భయంగా తిరిగే హక్కు కోసం బ్రిటన్‌లో ఉద్యమించడం కొత్త కాదు. 1970లలో యార్క్‌షైర్ ప్రాంతంలో వరుసగా స్త్రీల హత్యలు జరిగినపుడు, చీకటి పడిన తరువాత బయటకు రావద్దని పోలీసులు స్త్రీలకు సలహా ఇచ్చారు. నేరం చేసేవారిని అదుపు చేయక, బాధితులయ్యే వారినే ఇంట్లో ఉండమనడం అన్యాయమని భావించిన స్త్రీలు 1977 నవంబరులో లీడ్స్ తదితర నగరాలలో రాత్రివేళ ఊరేగింపులు జరిపారు. ఈ ఉద్యమానికి 'రిక్లెయిమ్ ద నైట్' అని పేరు. రాత్రిని తిరిగి మన హక్కు చేసుకొందాం అని దీని భావం. 2021లో క్లాపమ్ సభను తలపెట్టిన బృందం ఈ పేరును తలపించేలా 'రిక్లెయిమ్ దీజ్ స్ట్రీట్స్' అనే పేరు పెట్టుకొన్నది.

లాక్‌డౌన్ నిబంధనలు

2021 జనవరి 6 నుండి ఇంగ్లాండు అంతటా మూడవ జాతీయ లాక్‌డౌన్ నిబంధనలు అమలులోకి వచ్చాయి. వీటి ప్రకారం సహేతుకమైన కారణం లేకుండా ఇల్లు విడిచి బయటకు రావడం నేరం. బయటి ప్రదేశాలలో వేర్వేరు కుటుంబాలకు చెందినవారు ఇద్దరికి మించి కలవడానికి కూడా సాధారణంగా అనుమతి లేదు. 30 మందికి మించిన సమావేశాన్ని నిర్వహించిన వారికి 10,000 పౌండ్ల వరకు జరిమానా విధించవచ్చు.

అంతకు ముందు అమలులో ఉన్న కొన్ని నిబంధనలలో నిరసన ప్రదర్శనలకు షరతులతో కూడిన మినహాయింపు ఉండేది. మూడవ లాక్‌డౌన్ నిబంధనలలో అట్టి మినహాయింపును ప్రత్యేకంగా పేర్కొనలేదు. అయితే నిరసనలను పూర్తిగా నిషేధించినట్లు కూడా ఎక్కడా వ్రాయలేదు. ఈ అస్పష్టతే తరువాతి వివాదానికి మూలం.

సారా ఎవరార్డ్ హత్య

2021 మార్చి 3వ తేదీ రాత్రి సుమారు 9 గంటలకు సారా ఎవరార్డ్ క్లాపమ్ సమీపంలోని మిత్రుల ఇంటి నుండి బ్రిక్స్‌టన్ ప్రాంతంలోని తన ఇంటికి కాలినడకన బయలుదేరినది. దారిలో వేన్ కూజెన్స్ అనే వ్యక్తి ఆమెను ఆపి, కారులో ఎక్కించుకొని కెంట్ కౌంటీకి తీసుకుపోయినాడు. ఇతడు మెట్రోపాలిటన్ పోలీసు శాఖలో పార్లమెంటు, దౌత్య కార్యాలయాల రక్షణ విభాగానికి చెందిన ఉద్యోగి. మార్చి 9న ఇతనిని అరెస్టు చేశారు. మరునాడు కెంట్‌లోని ఆష్‌ఫర్డ్ సమీపాన గల అడవిలో మృతదేహపు అవశేషాలు లభించాయి. అవి సారావేనని మార్చి 12న నిర్ధారించారు.

కూజెన్స్ తన పోలీసు గుర్తింపు కార్డు చూపి, చేతులకు బేడీలు వేసి, కోవిడ్ నిబంధనలను అతిక్రమించినదనే నెపంతో ఆమెను అరెస్టు చేసినట్లు నటించినాడని ప్రాసిక్యూషన్ తరువాత న్యాయస్థానానికి వివరించినది. అంతకు కొద్ది వారాల ముందు, జనవరి చివరలో, ఇతడు కోవిడ్ నిబంధనల అమలు కోసం జరిపే గస్తీ విధులలో పాల్గొన్నాడు. ఆ దారిన కారులో పోతున్న వారు ఈ దృశ్యాన్ని చూసినా, మామూలు దుస్తులలో ఉన్న పోలీసు ఎవరినో అరెస్టు చేస్తున్నాడని భావించి ముందుకు సాగిపోయారు. సాధారణ పరిస్థితులలో అనుమానం కలిగించే ఇటువంటి సంఘటన, వీధిలో నడవడానికి కూడా కారణం చెప్పవలసిన రోజులలో సహజంగా కనిపించినదని ఈ వివరాలను బట్టి అర్థమవుతుంది.

కూజెన్స్ నేరాలను అంగీకరించగా, 2021 సెప్టెంబరు 30న న్యాయస్థానం అతనికి విడుదలకు అవకాశం లేని యావజ్జీవ శిక్ష విధించినది.

సభకు సన్నాహాలు

హత్య వార్త వెలువడిన తరువాత అనేకమంది స్త్రీలు రాత్రివేళ తాము తీసుకొనే జాగ్రత్తలను బహిరంగంగా చెప్పుకోసాగారు. తాళంచెవులను వేళ్ళ మధ్య పట్టుకొని నడవడం, ఫోనులో మాట్లాడుతున్నట్లు నటించడం, ఇల్లు చేరగానే స్నేహితులకు సందేశం పంపడం వంటివి వీటిలో కొన్ని. ఈ నేపథ్యంలో రిక్లెయిమ్ దీజ్ స్ట్రీట్స్ బృందం మార్చి 13 సాయంత్రం 6 గంటలకు క్లాపమ్ కామన్‌లో కొవ్వొత్తుల సభ జరపాలని నిర్ణయించినది. ముఖానికి మాస్కులు ధరించడం, దూరం పాటించడం వంటి జాగ్రత్తలతో సభ జరుపుతామని నిర్వాహకులు పోలీసులతో చర్చించారు.

తొలుత సుముఖంగా ఉన్నట్లు కనిపించిన పోలీసులు తరువాత తమ వైఖరి మార్చుకొన్నారు. సభ చట్టవిరుద్ధమవుతుందని, నిర్వాహకులపై 10,000 పౌండ్ల జరిమానా, ప్రాసిక్యూషన్ తప్పకపోవచ్చునని హెచ్చరించారు. దీనిపై నిర్వాహకులు మార్చి 12న హైకోర్టును ఆశ్రయించారు. జస్టిస్ హోల్‌గేట్ వారు కోరిన ప్రకటనను జారీ చేయుటకు నిరాకరించారు. చట్టాన్ని ఈ సభకు అన్వయించి నిర్ణయించవలసినది పోలీసులేనని ఆయన అభిప్రాయపడ్డారు. మళ్ళీ జరిగిన చర్చలు కూడా ఫలించకపోవడంతో మార్చి 13 ఉదయం నిర్వాహకులు సభను రద్దు చేసి, రాత్రి 9.30కు ఎవరి గుమ్మం ముందు వారు దీపం వెలిగించవలసినదిగా ప్రజలను కోరారు. జరిమానాల భయంతో మొదలైన విరాళాల సేకరణ స్త్రీల సహాయ సంస్థల నిధిగా మారి 5 లక్షల పౌండ్లు దాటినది.

మార్చి 13 సంఘటనలు

సభ రద్దయినప్పటికీ ఆ రోజు ఉదయం నుండి ప్రజలు ఒక్కొక్కరుగా వచ్చి మైదానంలోని వాద్య మండపం చుట్టూ పూలగుచ్ఛాలు ఉంచారు. అప్పటి కేంబ్రిడ్జి డచెస్ కేథరీన్ కూడా వచ్చి నివాళులర్పించారు. పగటివేళ అంతా ప్రశాంతంగానే గడిచినది.

సాయంత్రం 6 గంటలకు వందలాది మంది మౌనం పాటించారు. అటు తరువాత కొందరు మండపం మీద నుండి ప్రసంగించడం ప్రారంభించగా, పోలీసులు జనాన్ని వెళ్ళిపొమ్మని ఆదేశించి మండపాన్ని చుట్టుముట్టారు. తోపులాటలో పూలు కాళ్ళ క్రింద నలిగాయి. జనం పోలీసులను ఉద్దేశించి సిగ్గు సిగ్గు అని నినాదాలు చేశారు. నలుగురిని అరెస్టు చేసినట్లు పోలీసులు ప్రకటించారు. పోలీసులు ఒక యువతిని నేలమీద అదిమిపట్టి బేడీలు వేస్తున్న ఛాయాచిత్రం మరునాడు ప్రపంచమంతటా పత్రికలలో వచ్చినది. ఒక పోలీసు చేతిలో హతురాలైన స్త్రీకి నివాళి అర్పించడానికి వచ్చిన స్త్రీలపై అదే శాఖ బలప్రయోగం చేయడం తీవ్ర విమర్శలకు గురైనది. మరునాడు పార్లమెంటు సమీపంలో పెద్ద ప్రదర్శన జరిగినది.

విచారణలు

హోంమంత్రి ప్రీతీ పటేల్ కోరిక మేరకు పోలీసు తనిఖీ సంస్థ విచారణ జరిపి 2021 మార్చి 30న నివేదిక ఇచ్చినది. సభాస్థలంలో పోలీసుల చర్య అనుచితం కాదని ఈ నివేదిక అభిప్రాయపడినది. అదే సమయంలో, లాక్‌డౌన్‌లో సమావేశాలన్నీ నిషిద్ధమేనని పోలీసు శాఖ చట్టాన్ని తప్పుగా అర్థం చేసుకొన్నదని, ఈ సంఘటన ప్రజల విశ్వాసాన్ని దెబ్బతీసినదని కూడా పేర్కొన్నది. పార్లమెంటు సభ్యుల అఖిలపక్ష బృందం ఒకటి 2021 జులైలో ఇచ్చిన నివేదిక మాత్రం పోలీసులు ప్రాథమిక హక్కులను ఉల్లంఘించారని తేల్చినది.

2022 హైకోర్టు తీర్పు

రిక్లెయిమ్ దీజ్ స్ట్రీట్స్ నిర్వాహకులు నలుగురు వేసిన వ్యాజ్యంపై 2022 మార్చి 11న లార్డ్ జస్టిస్ వార్బీ, జస్టిస్ హోల్‌గేట్ తీర్పు ఇచ్చారు. తీర్పులోని ముఖ్యాంశాలు ఇవి:

- సహేతుకమైన కారణం అనే పదానికి అర్థం చెప్పేటపుడు యూరోపియన్ మానవ హక్కుల ఒడంబడికలోని 10వ అధికరణం (భావ ప్రకటన స్వేచ్ఛ), 11వ అధికరణం (సమావేశ స్వేచ్ఛ) దృష్టిలో ఉంచుకోవలెను.
- కావున నిరసన సభ అయినంత మాత్రాన అది నేరం కాదు. నిరసన అయినంత మాత్రాన అది చట్టబద్ధమూ కాదు. ప్రతి సందర్భంలోను వ్యాధి వ్యాప్తి ప్రమాదాన్ని, సభ విషయపు ప్రాముఖ్యతను, తీసుకొనే జాగ్రత్తలను తూచి చూడవలెను.
- పోలీసులు ఈ విధమైన పరిశీలన చేయకుండానే సభ చట్టవిరుద్ధమని సూచించారు. వారి మాటల వలన నిర్వాహకులు సభను విరమించుకొన్నారు. ఇది వారి హక్కులకు భంగకరం.

ఈ తీర్పు సభకు ముందు నిర్వాహకులతో పోలీసులు వ్యవహరించిన తీరుకు సంబంధించినదే గాని, ఆ రాత్రి జరిగిన బలప్రయోగానికి సంబంధించినది కాదు. పోలీసు శాఖకు అప్పీలుకు అనుమతి లభించలేదు. ఆ రాత్రి అరెస్టయిన ఇద్దరు మహిళలకు 2023లో పోలీసు శాఖ రాజీ ద్వారా పరిహారం చెల్లించినది.

తదనంతర పరిణామాలు

2021 మార్చి 29న అమలులోకి వచ్చిన కొత్త నిబంధనలలో నిరసన సమావేశాలకు షరతులతో కూడిన మినహాయింపు తిరిగి చేర్చారు. మరోవైపు, ప్రదర్శనల శబ్దంపై కూడా ఆంక్షలు విధించే అధికారాన్ని పోలీసులకు ఇచ్చే బిల్లు క్లాపమ్ సంఘటన జరిగిన వారంలోనే పార్లమెంటులో చర్చకు వచ్చి, తీవ్ర వ్యతిరేకత నడుమ 2022లో చట్టమైనది.

ఒంటరిగా ఉన్న పోలీసు ఆపినపుడు అనుమానం కలిగితే దారిన పోయేవారిని పిలవాలని, బస్సును ఆపాలని 2021 శరదృతువులో మెట్రోపాలిటన్ పోలీసు శాఖ ఇచ్చిన సలహా విమర్శల పాలైనది. భద్రత భారాన్ని మళ్ళీ స్త్రీల మీదనే మోపుతున్నారన్నది విమర్శకుల వాదన. 1977లో లీడ్స్ స్త్రీలు లేవనెత్తిన అభ్యంతరం కూడా ఇదే.

2023 మార్చిలో బేరనెస్ కేసీ సమర్పించిన సమీక్ష మెట్రోపాలిటన్ పోలీసు శాఖలో స్త్రీ ద్వేషం, జాతి వివక్ష, స్వలింగ సంపర్కుల పట్ల ద్వేషం వ్యవస్థాగతంగా ఉన్నాయని పేర్కొన్నది. లేడీ ఏంజొలీనీ నేతృత్వంలోని విచారణ సంఘం 2024 ఫిబ్రవరి 29న ఇచ్చిన మొదటి నివేదికలో, కూజెన్స్ ఎన్నటికీ పోలీసు ఉద్యోగి అయి ఉండవలసినది కాదని తెలిపినది. అసభ్య ప్రవర్తనపై అంతకు ముందే అందిన ఫిర్యాదులను సరిగా విచారించి ఉంటే అతనిని ఆపే అవకాశాలు ఉండేవని ఈ సంఘం నిర్ధారించినది.