కుమార్తెల ఆస్తి హక్కు (ఆంధ్రప్రదేశ్, తెలంగాణ)

స్త్రీ పురుష సమానత్వం కోసం తెలుగు నేలపై ప్రభుత్వాలు చేసిన చట్టాల్లో బలమైనది హిందూ వారసత్వ చట్టానికి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ. ఎన్.టి.రామారావు ప్రభుత్వం తెచ్చిన ఈ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించి, మితాక్షర న్యాయ సంప్రదాయం పాటించే ఉమ్మడి కుటుంబంలో కుమార్తెకు కొడుకుతో సమానంగా పుట్టుకతోనే వాటా ఇచ్చింది. తరువాత తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర ఇదే బాట పట్టాయి. అయితే ఆ తేదీకి ముందే పెళ్లయిన ఆడపిల్లలను అది వదిలేసింది. ఇది క్షమించరాని లోపం. రెండో అడ్డంకి ఇంటి విషయంలో ఉండేది. సికింద్రాబాద్‌లోని మారేడ్‌పల్లి వంటి నివాస ప్రాంతాల్లో పంచుకోవలసింది ప్రధానంగా ఇల్లే. కుటుంబం నివసించే ఇంటిని మగ వారసులు పంచుకునేదాకా ఆడ వారసులు పంపకం అడగరాదని 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలోని 23వ సెక్షన్ అడ్డుపడేది. 2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణ ఈ రెండు అడ్డంకులనూ తొలగించింది. కుమార్తెకు వాటా రావాలంటే ఆనాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

పెళ్లికి కట్నం ఇచ్చాం కదా, మళ్లీ వాటా ఎందుకన్నది తరచు వినిపించే అభ్యంతరం. కట్నం 1961 నుంచి నేరం. పైగా అది ఎక్కువగా అత్తింటివారి చేతికి పోతుందే తప్ప ఆమె పేరున నిలవదు. వాటా అడిగితే పుట్టింటి బంధం తెగుతుందని మరికొందరి భయం. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు ఎవరూ లేవనెత్తని ఈ మాట ఆడపడుచు దగ్గరే ఎందుకు రావాలి? ఈ ఒత్తిడికే లొంగి చాలామంది ఆడపడుచులు హక్కు విడుదల పత్రంపై సంతకం పెడతారు. స్వార్జితాన్ని తండ్రి వీలునామాతో కొడుకులకే రాసే వీలు కూడా ఇప్పటికీ ఉంది.