వన్స్‌మోర్!

"ముట్టుకోకు! ప్లేటు మీద చెయ్యి వెయ్యకు!"

మొన్న ఆదివారం మా అబ్బాయి మీద కేక వేశాక గానీ తెలియలేదు, అది నా గొంతు కాదు, ఆత్రేయపురంలో మా అమ్మమ్మ గొంతని. వాడు రెండు టర్న్‌టేబుళ్ళు పక్కపక్కన పెట్టుకుని, ఒక పాటలోంచి ఇంకో పాటలోకి జారుతూ, మధ్యమధ్య ప్లేటును చేత్తో ముందుకీ వెనక్కీ జరుపుతూ సరదాపడుతుంటాడు. ఈసారి వాడి చేతిలో ఉన్నది అమ్మమ్మ ప్లేటు!

అమ్మమ్మకి గ్రామఫోను పెట్టె దేవుడి మందసంతో సమానం. పూతరేకు కోసం వేడి కుండ మీద పిండిలో ముంచిన గుడ్డ పరుస్తారు చూడండి, అంత తేలిగ్గా ముల్లు దించేది. లక్కతో చేసిన ప్లేటాయె, జారితే పెంకులే. ఒక పక్క పాడేసరికి ఉక్కు ముల్లు అరిగిపోయేది. ఇంతా చేసి పాట మూడు నిమిషాలు!

గ్రామఫోను కంపెనీవారు 1902లో కలకత్తా వచ్చి గౌహర్‌జాన్ చేత పాడించారు. 1908లో ప్లేట్ల ఫ్యాక్టరీ కూడా అక్కడే పెట్టారు. ఆ తరువాత కపిలవాయి రామనాథశాస్త్రిగారి నాటక పద్యాలు మన ఇళ్ళకొచ్చాయి. తెల్లవార్లూ ఆడే నాటకాలకి వెళ్ళే వీలు ఎందరు ఆడవాళ్ళకుండేది? పందిట్లో జనం "వన్స్‌మోర్" అని అరిస్తే, కృష్ణుడు రాయబారం ఆపి మరీ పద్యం మళ్ళీ ఎత్తుకునేవాడు. వంటింటి గడప దాటని ఇల్లాలికి ఆ వన్స్‌మోర్ అనే హక్కు గ్రామఫోనే ఇచ్చింది. ముల్లెత్తి మళ్ళీ మొదట పెడితే సరి!

అబ్బాయి ఆడే ఆట కూడా ఆ వన్స్‌మోర్‌లోంచే పుట్టిందంటే నమ్ముతారా? 1973 ఆగస్టు 11న న్యూయార్కులో సిండీ కాంప్‌బెల్ అనే అమ్మాయి, బడికి కొత్త బట్టలు కొనుక్కోడానికి టిక్కెట్టు పెట్టి విందు చేసింది. ప్లేట్లు వేసింది వాళ్ళన్నయ్య కూల్ హెర్క్. పాటలో డప్పులు మాత్రమే మోగే చోట జనం మరీ ఊగిపోవడం అతను కనిపెట్టాడు. ఒకే పాట ప్లేట్లు రెండు తెచ్చి, ఒకదాని మీద ఆ ముక్క అయిపోగానే రెండోదాని మీద అదే ముక్క అందుకునేవాడు. గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అనే మరో కుర్రాడు, ప్లేటు చేతికి తేలిగ్గా జారాలని దాని కింద గంజి పెట్టి గట్టిపరిచిన ఉన్నిగుడ్డ వేశాడు. బట్టల సంగతులు తెలియకేం, వాళ్ళమ్మ కుట్టుపని చేసేది! ఇక థియొడర్ అనే పిల్లవాడు ఇంట్లో పాటలు హోరెత్తిస్తుంటే వాళ్ళమ్మ వచ్చి కేకలేసింది. ఆవిడ మాట వినడానికి ప్లేటును చేత్తో ఆపి, అటూ ఇటూ కదిపాడు. ఆ గరగర చప్పుడే తరువాత ఒక విద్య అయిందని ఆయనే చెప్పుకున్నాడు.

చెల్లెలి బట్టలు, అమ్మ గంజి, ఇంకో అమ్మ కేక! చరిత్ర ఎక్కడెక్కడో పుడుతుందనుకుంటాం గానీ, మన వసారాల్లోనే పుడుతుంది సుమండీ.

అయినా లక్క ప్లేటు ఆ రాపిడికి ఆగదు. ఆ మాటే మెల్లిగా చెప్పాను. వాడు నొచ్చుకోలేదు. మెత్తటి గుడ్డతో తుడిచి, పాత ప్లేట్లకి సరిపోయే వేరే ముల్లు వెతికి, 78 వేగానికి తిప్పి పెట్టాడు. బరబరల మధ్యనుంచి పద్యం లేచింది. మూడు నిమిషాలూ వాడు చెయ్యి పెట్టలేదు, నేను నోరు మెదపలేదు.

ముల్లు చివరికొచ్చి టకటకమంటుంటే నేనే అన్నాను, "వన్స్‌మోర్ పెట్టరా, నాన్నా!"