బంగాళాఖాతాన్ని చదివిన తీరు: వాల్తేరు నుంచి హైదరాబాదు దాకా

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాల తెలుగు విద్యార్థులకు సముద్రం పాఠ్యపుస్తకంలోని విషయంగానే తోస్తుంది. తీరం ఇక్కడికి 200 కిలోమీటర్లకు పైబడిన దూరం. అయినా పెన్న, చిత్రావతి, పాపాఘ్ని ఈ జిల్లా కొండల్లోనే పుట్టాయి. తక్కిన రెండూ పెన్నలో కలిస్తే, పెన్న నెల్లూరు జిల్లాలో బంగాళాఖాతాన్ని చేరుతుంది. నీరు అటు పోవడమే కాదు, ఇటు రావడమూ ఉంది. ఆశ్వయుజ, కార్తీక మాసాల్లో ఇక్కడ కురిసే వానల్లో చాలా భాగం బంగాళాఖాతంలోని అల్పపీడనాల, వాయుగుండాల చలవే. కనుక ఆ సముద్రాన్ని ఎవరు, ఎప్పటినుంచి, ఏ విధంగా గమనిస్తూ వచ్చారన్న చరిత్ర ఈ ప్రాంతానికి పరాయిది కాదు. పైగా అందులో రెండు తెలుగు నగరాల పాత్ర గణనీయమైనది.

మొదటిది విశాఖపట్నం. 1952లో అమెరికా సముద్రశాస్త్రవేత్త యూజీన్ లఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఆచార్యుడిగా వచ్చాడు. నౌకాదళం ఓడల మీద వెళ్ళి వాల్తేరు బృందం నీటి ఉష్ణోగ్రతను, లవణీయతను, ప్రవాహాలను కొలిచింది. ఆ పరిశోధనలతో 1954లో విశ్వవిద్యాలయం ఒక ప్రత్యేక సంపుటం వెలువరించింది. ఆంధ్ర తీరానికి ఎదురుగా సముద్రగర్భంలో ఉన్న మూడు లోయలకు ఆంధ్ర, మహాదేవన్, కృష్ణా అన్న పేర్లు 1964 నాటి లఫాండ్ వ్యాసంలో కనిపిస్తాయి. మహాదేవన్ అదే విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్ర ఆచార్యులు.

అయితే సముద్రం ఒక విశ్వవిద్యాలయానికో, ఒక దేశానికో లొంగేది కాదు. ఒక ఓడ కొలిచింది ఆ చోటికి, ఆ రోజుకు మాత్రమే చెల్లుతుంది. ఈ ఇబ్బందిని దాటడానికే 1959 నుంచి 1965 వరకు అంతర్జాతీయ హిందూ మహాసముద్ర యాత్ర జరిగింది. పన్నెండుకు పైగా దేశాలు, సుమారు 40 ఓడలు పాల్గొన్నాయి. మన దేశం పంపిన నౌకాదళ ఓడలలో ముఖ్యమైనది కిస్ట్నా. కృష్ణానదికి ఆంగ్లేయులు చేసిన రూపాంతరమే ఆ పేరు.

ఆ యాత్రలో ఓడల సంఖ్య కంటే గమనించవలసింది ఒక వల. ప్లవకాలను పట్టడానికి ఒక్కొక్క దేశం ఒక్కొక్క రకం వల వాడితే ఫలితాలను పోల్చడం కుదరదు. అందుకని అందరికీ ఒకే కొలతల వల నిర్ణయించారు. పట్టిన నమూనాలను వేరుచేయడానికి కొచ్చిన్‌లో ఒక కేంద్రం నెలకొల్పారు. భాషాశాస్త్ర విద్యార్థులకు ఈ సూత్రం కొత్తది కాదు. 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వెనుక ఉన్నదీ ఇదే: జిల్లా జిల్లాలో ఒకే పద్ధతిన పదాలు సేకరిస్తేనే ఒక జిల్లా మాటను మరో జిల్లా మాట పక్కన పెట్టగలం. యాత్ర ముగిశాక 1966 జనవరి 1న జాతీయ సముద్రశాస్త్ర సంస్థ ఏర్పడింది. 1976లో దాని ప్రాంతీయ కేంద్రం విశాఖలో వెలిసింది.

రెండో నగరం హైదరాబాదు. దానికి సముద్రమే లేదు. అయినా ఉపగ్రహ చిత్రాలను స్వీకరించి విశ్లేషించే జాతీయ సంస్థ అక్కడ ముందే ఉంది. 1999లో భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం అక్కడే నెలకొంది. జాలర్లకు చేపలు దొరికే చోట్ల సూచనలతో మొదలైన పని త్వరలోనే విస్తరించింది. 2000 మీటర్ల లోతు దాకా దిగి, పది రోజులకొకసారి పైకి తేలి, కొలతలను ఉపగ్రహానికి పంపే ఆర్గో తేలియాడు యంత్రాల సమాచారం అన్ని దేశాలకూ ఉచితం. ఆ కార్యక్రమంలో మన దేశం తరఫున పనిచేసేది ఈ కేంద్రమే. 2002లో మారిషస్‌లో ఏర్పడిన హిందూ మహాసముద్ర పరిశీలక వ్యవస్థ కార్యాలయాన్ని నిర్వహించే బాధ్యత కూడా దీనికే దక్కింది.

ఇంత పొందిక ఉన్నా 2004 డిసెంబరు 26న అది అక్కరకు రాలేదు. ఉదయం ఆరున్నరకు సుమత్రా వద్ద భూకంపం వచ్చింది. అలలు మన ప్రధాన తీరాన్ని తాకడానికి రెండు గంటలకు పైగా పట్టింది. ఆ వ్యవధిలో తీరాన ఉన్నవారికి కబురు అందలేదు. పసిఫిక్‌లో దశాబ్దాలుగా ఉన్న సునామీ హెచ్చరిక వ్యవస్థ హిందూ మహాసముద్రంలో లేకపోవడమే కారణం. మన దేశంలో పదివేలమందికి పైగా మరణించారు. 2007 అక్టోబరు 15న హైదరాబాదులో హెచ్చరిక కేంద్రం ప్రారంభమైంది. 2011 నుంచి ఆస్ట్రేలియా, ఇండోనేషియాలతో పాటు అది ఇతర తీరదేశాలకూ సమాచారం అందిస్తోంది.

ఇక మిగిలింది చివరి మెట్టు, అది భాష. 1977 నవంబరు 19న దివిసీమను ముంచింది ఉప్పెన. గాలి, వాన, వాటి వెంట సముద్రం. తెలుగువారి మనసులో ఆ మాటకున్న అర్థం అదే. సునామీకి గాలీ లేదు, వానా లేదు. నిర్మలమైన ఉదయాన వచ్చింది. దానిని ఉప్పెన అని హెచ్చరిస్తే వినేవాడు ఆకాశం చూసి నిశ్చింతగా ఉంటాడు. జపాను మాట తెలుగులో స్థిరపడడం వల్ల ఆ పొరపాటుకు తావు తగ్గింది. 2020లో సునామీకి సిద్ధంగా ఉన్న గ్రామాలుగా యునెస్కో సముద్రశాస్త్ర సంఘం గుర్తించినవి ఒడిశాలోని వెంకటరాయిపూర్, నోలియాసాహి. ఆ తీరంలో నోలియా అంటే జాలరి. వారిలో తెలుగు మాట్లాడేవారు అనేకులు. అధికారులు ఒరియాలో చెప్పేది ఇంట్లో తెలుగుగా మారాలి.

ఇక్కడా అదే స్థితి. కన్నడ పత్రికలో వాయుభార కుసిత అని వచ్చింది మనం వాయుగుండం అనేదే. బడిలో కన్నడం చదివిన పిల్లవాడికి మొదటిది తెలుసు, చిత్రావతి ఒడ్డున చేను ఉన్న అవ్వకు తెలియకపోవచ్చు. బాగేపల్లి, చింతామణి పల్లెల్లో గాలికి, వానకు, వరదకు పెద్దలు వాడే మాటలను ఒకే ప్రశ్నావళితో సేకరించి, కన్నడ ప్రకటనల పదాల పక్కన చేర్చడం మన విద్యార్థులు చేయదగిన పని. సముద్రం ఒడ్డున లేకపోయినా హైదరాబాదు సముద్రానికి ఉపకరించింది. ఈ తాలూకాలూ ఆ విధంగా ఉపకరించగలవు.