ఏ నేలను ముందు కాపాడవలెను?



మన గ్రామములలో చెరువుగట్టు, మందబయలు, తోపు, వాగు ఒడ్డు - ఇవి ఎవరి పట్టాలోను చేరని నేలలు. వీనిని వాడుకలో మనము ‘ఖాళీ స్థలము’ అందుము. కాని ఆ బయలులో పశువులు మేయును. ఆ ఒడ్డున వరదనీరు నిలిచి భూమిలోని కింకును. పనిచేయుచున్న నేలను ఖాళీ యనుటతోనే దాని నాశము మొదలగును. ఈ పొరపాటును చేసి, దిద్దుకొని, మరల చేసి, తుద కొక పద్ధతి నేర్పరచుకొనిన యొక ఊరి చరిత్రను నేడు మనవి చేయుదును.

ఆ ఊరు అమెరికాలో మాసచూసెట్సు రాష్ట్రమున, బోస్టను నగరమునకు సుమారు 20 మైళ్ళ దూరమున నున్న కాంకర్డు. గాంధీజీ చదివి మెచ్చిన హెన్రీ డేవిడ్ థోరో జన్మస్థలమది.

1635లో ఇంగ్లీషువా రచ్చట కాపురము లేర్పరచుకొనిరి. నది కిరువైపుల సహజముగ పెరుగు గడ్డినేలలు వారి నాకర్షించెను. ఆదివాసు లా ప్రదేశమును మస్కెటాక్విడ్ అని పిలుచుచుండిరి. గడ్డినేల యని దాని భావము. మంచు కురియు నెలలలో పశువులను బ్రదికించునది ఎండుగడ్డి. ఆ పశువుల పెంటయే పొలములకు ఎరువు. కనుక ఆ తరమువారు గడ్డినేలను కంటికి రెప్పవలె చూచుకొనిరి. అడవి మాత్ర మంతులేనిదని తలచి, ఉమ్మడి నేలలో అధికభాగమును క్రమముగ కుటుంబములకు పంచివేసిరి.

1844లో రైలుమార్గము వాల్డెను సరస్సు ప్రక్కగా ఊరిలోనికి వచ్చెను. శతాబ్దము నడుమ నాటికి ఊరి అడవులలో స్వల్పభాగమే మిగిలెను. థోరో జీవనోపాధికై భూములు కొలుచుచుండెను. తాను గొలుసుపట్టి కొలిచిన అడవులే ముక్కలై అమ్ముడుపోవుటయు, గొడ్డలికి గురియగుటయు కన్నులార చూచెను. ప్రతి యూరును 500 గాని 1000 గాని ఎకరముల అడవిని అందరి సొత్తుగ శాశ్వతముగ ఉంచుకొనవలెనని 1859 అక్టోబరులో తన దినచర్యలో వ్రాసికొనెను. 1862లో ఆయన మరణించునాటికి ఆ పుట అచ్చు కాలేదు.

తరువాతి కాలమున రక్షణ దాతల వలన కలిగెను. 1891లో చార్లెస్ ఎలియట్ అను ఉద్యానశిల్పి ప్రోద్బలముచే, రమ్యస్థలములను ప్రజలకొరకు ధర్మకర్తృత్వమున నుంచు సంస్థ ఆ రాష్ట్రమున వెలసెను. 1922లో వాల్డెను చుట్టునున్న సుమారు 80 ఎకరములను వాని యజమానులు ప్రభుత్వమునకు దానమిచ్చిరి. 1944లో సామ్యుయెల్ హోరు అను కాంకర్డువాసి నదీతీరపు పల్లములో 250 ఎకరములను పక్షుల శరణాలయమునకై కేంద్రప్రభుత్వమున కొసగెను.

అయితే దానపత్రమే రక్ష కాదు. 1957లో వాల్డెను ఒడ్డున స్నానఘట్టమును పెంచుటకై కౌంటీ అధికారులే చెట్లను కూలద్రోయించిరి. పౌరులు న్యాయస్థానమున కెక్కిరి. దానపు షరతులను పాటింపవలసినదే యని 1960లో రాష్ట్ర ఉన్నత న్యాయపీఠము తీర్పు చెప్పెను. తీర్పు వచ్చెనే కాని, పడిన చెట్లు లేచి నిలువలేదు.

ఈ లోపల మరియొక ఒత్తిడి కలిగెను. 1951లో బోస్టను చుట్టును పెద్ద రహదారి తెరవబడెను. పరిసర గ్రామములలో పొలములు ఇండ్లస్థలములు కాజొచ్చెను. అన్నిటిని కాపాడుటకు ఏ యూరికిని ధనము చాలదు. ఏది ముందు, ఏది వెనుక? ఈ ప్రశ్నకు దారి చూపినది 1957లో ఆ రాష్ట్ర శాసనసభ చేసిన చట్టము. ప్రతి యూరును ప్రకృతి సంరక్షణకై యొక సంఘమును నియమించుకొనవచ్చును. ఆ సంఘము ఊరిలోని బయళ్ళ కన్నిటికి జాబితా ఉంచవలెను. ఆ దేశమున ఇట్టి చట్టములలో నిదియే మొదటిది.

జాబితా వ్రాసినపిదప వరుస నేర్పరచుటకు కొన్ని ప్రశ్నలు వేయుదురు. ఈ నేల క్రింద త్రాగునీటి ఊట కలదా? వరదనీటిని పీల్చు పల్లమా? మేలైన సాగు మన్నా? ఇదివరకే రక్షితమైన నేల నంటియుండి జంతువులు సంచరించుటకు దారి యగుచున్నదా? త్వరలో అమ్ముడుపోవు ప్రమాదము కలదా? అందమును లెక్కింపకపోరు, కాని అందమొక్కటే కారణము కాదు. ఊరి సొమ్ముతో నేలను కొనవలెనన్నచో, ఓటున్న ప్రతివ్యక్తియు కూర్చుండదగిన ఊరిసభ దాని నామోదింపవలెను. 1972 నాటి రాజ్యాంగ సవరణ ననుసరించి, అట్లు రక్షితమైన నేలను వేరొక పనికి మరల్చవలెనన్న శాసనసభలో మూడింట రెండు వంతుల సమ్మతి కావలెను.

ఇంతటితో చిక్కు తీరలేదు. నేల మిగిలిన కొలది మిగతా నేలకు ధర పెరుగును. ఊరి బడిలో పాఠము చెప్పువాడును, పొలమున శ్రమించువాడును ఆ యూరిలో ఇల్లు కొనలేకపోవచ్చును. బయలును కాపాడుట ధనికుల ఇండ్ల ముందర తోట పెంచుటగా మారరాదుగదా! అందుచేత 2000లో వచ్చిన చట్టము రెంటిని జోడించెను. ఊరివా రంగీకరించినచో ఆస్తిపన్నుపై నూటికి 3 వంతు లకు మించకుండ అదనముగ వసూలు చేయవచ్చును. ఆ నిధిలో కనీసము నూటికి 10 వంతుల చొప్పున బయళ్ళకు, చారిత్రక స్థలములకు, మితాదాయము గలవారి గృహములకు విడిగా కేటాయింపవలెను.

ఈ చరిత్రలో ప్రతి తరమును తనకు కొరతయైన దానినే విలువగలదిగ నెంచెను: మొదట గడ్డి, పిదప చెట్టు, పిదప నీరు. కొరత తెలియునాటికి నేల చేజారుచుండెను. పోయినది మరల రాదని ముందే గుర్తించి వరుస వ్రాసికొనుట ఆలస్యముగ నేర్చిన విద్య.

మనకును ఇది దూరపు మాట కాదు. పంజాబులోని యొక ఊరి చెరువును గూర్చిన వివాదమున, ఆక్రమింపబడిన గ్రామపు ఉమ్మడి నేలలను విడిపించి గ్రామస్థుల కొప్పగింపవలసినదని 2011 జనవరి 28న మన సుప్రీంకోర్టు రాష్ట్రముల నాదేశించెను. ఆ పని గ్రామసభలో మొదలు కావలెను. మీ యూరి బయళ్ళ జాబితాను వ్రాయబూనినచో, ఏ పేరు కెదురుగను ‘ఖాళీ’ అని వ్రాయకుడు. ఆ నేల చేయుచున్న పనిని వ్రాయుడు.