నీటి ఖర్చు ఎక్కడ పెరుగుతోంది, ఎలా తగ్గించుకోవాలి: మదనపల్లె, పుంగనూరు, కుప్పం కుటుంబాలకు

మదనపల్లె, పుంగనూరు, కుప్పంలో నీటి బిల్లు అంటే మున్సిపాలిటీ వాళ్లు ఇచ్చే చీటీ ఒక్కటే అనుకుంటే లెక్క తప్పుతుంది. ఎండాకాలంలో ట్యాంకర్, తాగడానికి క్యాన్, మోటారుకు కాలే కరెంటు, సెప్టిక్ ట్యాంకు నిండితే వచ్చే బండి, ఇవన్నీ కలిపితేనే అసలు బిల్లు. చాలా ఇళ్లలో కొళాయికి మీటరు ఉండదు, నెలకు ఇంత అని కడతారు. కాబట్టి నీళ్లు పొదుపు చేస్తే ఆ చీటీ తగ్గకపోవచ్చు గానీ మిగతా నాలుగు ఖర్చులూ తగ్గుతాయి.

శ్రీశైలం నుంచి హంద్రీ-నీవా కాలువ ద్వారా కృష్ణా నీళ్లు ఈ వైపు వస్తున్నాయి. 2025 ఆగస్టు 30న కుప్పం దగ్గర పరమసముద్రంలో ముఖ్యమంత్రి చంద్రబాబు జలహారతి ఇచ్చారు. చెరువులు నిండితే చుట్టుపక్కల బోర్లు కోలుకుంటాయి. కానీ ఇంట్లో కొళాయి కారుతూ ఉంటే ఆ లాభం మన చేతికి రాదు.

ముందు ఒక నెల లెక్క రాయండి

ఒక నోటుబుక్కులో ఐదు గడులు గీయండి: మున్సిపల్ చార్జీ, ట్యాంకర్, క్యాన్లు, కరెంటు, సెప్టిక్. ట్యాంకర్ వచ్చినప్పుడు డబ్బుతో పాటు ఎన్ని లీటర్లో కూడా అడిగి రాయండి. అప్పుడు బిందె నీళ్లు ఎంత పడుతున్నాయో తెలుస్తుంది. భూగర్భ డ్రైనేజీ లేని పట్టణాల్లో మనిషికి రోజుకు 70 లీటర్లు అని కేంద్ర ప్రభుత్వ ప్రమాణం. అంటే ఐదుగురికి 350 లీటర్లు. మీ ట్యాంకు ఎన్ని లీటర్లది, ఎన్ని రోజులకు ఖాళీ అవుతోంది చూసుకుంటే మీరు ఎక్కడున్నారో తేలిపోతుంది.

మున్సిపల్ కాగితాల్లో మిగిలే డబ్బు

మన పట్టణాల్లో డ్రైనేజీకి విడిగా బిల్లు రాకపోయినా, ఇంటి పన్నులోనే నీటి, డ్రైనేజీ పన్ను కలిసి ఉంటుంది. అందుకే ఇంటి పన్ను కాగితం కూడా చూడాలి.

ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్ 30లోపు ఒకేసారి కడితే 5 శాతం తగ్గింపు ఉంది. గడువు దాటితే నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది. ఏడాది ఆగితే వంద రూపాయలకు 24 రూపాయలు ఊరికే పోతాయి.

చెత్త పన్ను 2021లో పెట్టారు, రద్దు చేస్తున్నట్టు 2024 అక్టోబరు 2న ప్రకటించారు. మీ చీటీలో ఇంకా ఆ పేరుతో ఏదైనా కనిపిస్తే వార్డు సచివాలయంలో అడగండి. కట్టిన రసీదులన్నీ దాచిపెట్టుకోండి. పాత బాకీ అని మళ్లీ అడిగినప్పుడు పనికొచ్చేవి అవే.

కువైట్, సౌదీ వెళ్లి ఇల్లు తాళం వేసి ఉంచినవాళ్లు చాలామంది ఉన్నారు. ఖాళీగా ఉన్న ఇంటికి పన్ను మినహాయింపు అడిగే వీలుంది, దాన్ని వేకెన్సీ రెమిషన్ అంటారు. ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడే అర్జీ పెట్టాలి, వాళ్లు వచ్చి చూస్తారు. కొళాయి చార్జీ ఆపించే వీలుందేమో అప్పుడే అడిగేయండి.

కారే చోట పట్టుకోండి

కారుతున్న కొళాయి కింద లీటరు చెంబు పెట్టి గడియారం చూడండి. గంటలో నిండితే రోజుకు 24 లీటర్లు, నెలకు 720 లీటర్లు. వాషర్ మారిస్తే పోయేదానికి ఇంత నష్టం.

ఫ్లష్ ట్యాంకులో బట్టల నీలిమందు రెండు చుక్కలు వేసి, పావుగంట ఎవరూ ఫ్లష్ చేయకుండా ఉండండి. తర్వాత కమోడ్‌లో నీలం కనిపిస్తే లోపల కారుతున్నట్టే. పాత పెద్ద ఫ్లష్ ట్యాంకు అయితే, నీళ్లు నింపి మూత బిగించిన లీటరు సీసా అందులో పెడితే ప్రతిసారీ ఒక లీటరు మిగులుతుంది.

వుజూ, ఘుసుల్

ప్రవక్త (స) ఒక ముద్ నీళ్లతో వుజూ, ఒక సా నీళ్లతో ఘుసుల్ చేసేవారని సహీ హదీసుల్లో ఉంది. ముద్ అంటే ముప్పావు లీటరు లోపే, సా అంటే సుమారు మూడు లీటర్లు. పారే ఏటి దగ్గర ఉన్నా వుజూలో నీళ్లు వృథా చేయొద్దన్న రివాయత్ ఇబ్నె మాజాలో ఉంది.

ఇప్పుడు మన ఇంటి లెక్క చూద్దాం. కొళాయి వదిలేసి వుజూ చేస్తే ఆరు లీటర్లు పోతాయనుకుందాం. ఐదుగురు, ఐదు పూటలు: రోజుకు 150 లీటర్లు. అదే లీటరు బద్నాతో చేస్తే 25 లీటర్లు. నెలకు 3,750 లీటర్లు మిగులుతాయి. పిల్లలకు చిన్నప్పటి నుంచే బద్నా అలవాటు చేస్తే ఇంకా మంచిది. కొళాయితోనే చేయాలంటే సన్నగా వదలండి. ఆ నీళ్లను కింద తొట్టిలో పట్టుకుంటే మొక్కలకు, వాకిలి కడగడానికి పనికొస్తాయి. మళ్లీ వుజూకు మాత్రం వాడకూడదు.

మోటారు, ఫిల్టరు

ఒక హెచ్‌పీ మోటారు గంట తిరిగితే సుమారు ఒక యూనిట్ కాలుతుంది. ట్యాంకు నిండి పొర్లుతున్నా రోజూ అరగంట వదిలేస్తే నెలకు 15 యూనిట్లు. గృహ టారిఫ్‌లో 126 నుంచి 225 యూనిట్ల మధ్య యూనిట్‌కు 6 రూపాయలు, అంటే 90 రూపాయలు గాలికి పోయినట్టే. పోయిన నీళ్లు వేరే. ట్యాంకు నిండగానే మోటారు ఆపే ఆటోమేటిక్ స్విచ్ పెట్టించుకోండి.

ఆర్‌ఓ ఫిల్టరు ఒక లీటరు మంచినీళ్లకు రెండు మూడు లీటర్లు బయటకు వదులుతుంది. ఆ పైపు కింద బకెట్ పెట్టి నేల తుడవడానికి, బాత్రూముకు వాడండి. ఉప్పు ఎక్కువ ఉంటుంది కాబట్టి మొక్కలకు వద్దు.

సెప్టిక్ ట్యాంకు

ఇంట్లోకి వచ్చిన ప్రతి లీటరూ బయటకు పోవాల్సిందే. నీళ్లు ఎక్కువ పోస్తే మడ్డి అడుగున దిగకుండానే బయటికి కొట్టుకుపోయి ఇంకుడు గుంత పూడిపోతుంది. వీలైతే బట్టలు ఉతికిన నీళ్లను వేరే గుంతకు మళ్లించండి. నూనె, ప్యాడ్లు, డైపర్లు లోపలికి పోనివ్వొద్దు. యాసిడ్, ఫినాయిల్ ఎక్కువ పోస్తే మలాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు చస్తాయి. బక్రీద్ రోజు ఖుర్బానీ వ్యర్థాలను కాలువలో వేస్తే ముందు అడ్డుపడేది మన వీధే.

రెండు మూడేళ్లకోసారి మిషన్ బండితో తీయించాలి. డబ్బు తక్కువ అవుతుందని మనిషిని లోపలికి దింపొద్దు. 2013 చట్టం ప్రకారం అది నేరం, లోపలి గ్యాస్‌కు నిమిషాల్లో ప్రాణం పోతుంది. ఇందుకు హెల్ప్‌లైన్ 14420 ఉంది.

వాన నీళ్లు

చదరపు మీటరు మిద్దె మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 600 చదరపు అడుగుల మిద్దె, అంటే సుమారు 55 చదరపు మీటర్లు, దాని మీద 20 మిల్లీమీటర్లు కురిస్తే 1,100 లీటర్లు. కొంత పోయినా 800 లీటర్లకు పైగా చేతికొస్తాయి. మొదటి వాన నీళ్లు బయటకు వదిలి, మిద్దె కడిగాక తర్వాతి వానను సంపుకు, లేదా బోరు పక్కన ఇంకుడు గుంతకు మళ్లించండి. అక్టోబరు, నవంబరు వానలకు ముందే పైపు సిద్ధం చేసుకోవాలి.

ఎక్కడ అడగాలి

బిల్లు తప్పున్నా, వీధిలో పైపు పగిలినా ముందు వార్డు సచివాలయంలో రాసిచ్చి రసీదు తీసుకోండి. పని కాకపోతే 1100కు ఫోన్ చేయండి, లేదా సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి. మన మిత్ర వాట్సాప్ నంబరు 95523 00009.

అన్నీ ఒకేసారి చేయలేకపోయినా ఈ వారం రెండు పనులు చేయండి: కారే కొళాయికి వాషర్, వుజూకు బద్నా. వచ్చే వేసవిలో ఒక్క ట్యాంకర్ తగ్గినా ఆ డబ్బు పిల్లల ఫీజుకో, రంజాన్ ఖర్చుకో వస్తుంది.