గుణవతి అంటే అణిగిమణిగి ఉండే పిల్లేనా?



మా ఏఎస్ రావు నగర్ చర్చిల్లో పెళ్లి సంబంధం మాట వస్తే "గుణవతి కావాలె" అంటరు. నోరు మెదపని పిల్ల అని వాళ్ల అర్థం. ఆ మాట బైబిల్లో సామెతలు 31వ అధ్యాయంలోది. హీబ్రూలో అది "ఏషెత్ ఖయిల్". ఖయిల్ అంటే బలం, సత్తా. సైన్యానికీ అదే మాట. అక్కడి స్త్రీ పొలం చూసి కొంటది, ద్రాక్షతోట వేస్తది, బట్టలు నేసి అమ్ముతది.

పేరుతో సహా ఆ బిరుదు పొందింది రూతు ఒక్కతే. పరాయి జాతి మోయాబు పిల్ల, భర్త పోయింది, పరిగె ఏరి అత్తను సాకింది. కళ్లంలో బోయజును పెళ్లి చేసుకోమని తనే అడిగింది. తెలుగు బైబిల్లో రూతుకు "యోగ్యురాలు" అని వేరే మాట వాడిండ్రు. అందుకే రెండూ ఒకటేనని మనకు తెలియలేదు.

ఇక మన చరిత్ర. కోయల్లో పసిపిల్లల పెళ్లిళ్లు లేవని 1909లో వచ్చిన థర్‌స్టన్ పుస్తకంలో ఉంది. శారదా చట్టం ఆడపిల్లకు 14 ఏళ్లు అన్నది 1929లో. అయితే పిల్లను ఎవరికియ్యాలో చెప్పే హక్కు మేనమామదని కూడా అదే పుస్తకం రాసింది. అది దాచొద్దు.

చెల్లెలి చదువు ఆపి సంబంధం చూసేటోళ్లు గుణవతి మాట ఎత్తితే, రూతు కథ చెప్పండి. ముందు చెల్లెను అడగమనండి.