కంచె లోపలి అడవి: పాతికేళ్లు దాటిన కేబీఆర్ ఉద్యానం

1998 డిసెంబరులో హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లోని ఒక పాత ఎస్టేటును ప్రభుత్వం జాతీయ ఉద్యానంగా ప్రకటించింది. దానికి 1964 నుంచి 1971 దాకా ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా, ఆ తర్వాత కేంద్ర హోంమంత్రిగా పనిచేసిన కాసు బ్రహ్మానందరెడ్డి పేరు పెట్టింది. పొద్దున్నే నడవడానికి వచ్చేవాళ్లకు అది కేబీఆర్ పార్కు. 2023తో దానికి పాతికేళ్లు నిండాయి. నా ఉద్దేశంలో ఆ రజతోత్సవం నడకదారికి కాదు, దాని లోపలివైపున్న అడవికి.

ఆ అడవి మిగలడమే ఒక విశేషం. ఈ గుట్టల మీద ఇళ్లస్థలాలు పడుతున్న రోజుల్లో ఇక్కడ ఏడో నిజాం మనుమడు ముకర్రం జాకు చెందిన చిరాన్ ప్యాలెస్ ఉండేది. దాని చుట్టూ వందల ఎకరాలు. బయట బండలు పగిలాయి, బంగళాలు లేచాయి. ఎస్టేటు లోపల మాత్రం గుండ్లు గుండ్లుగానే, పొదలు పొదలుగానే ఉండిపోయాయి. తర్వాత అందులో చాలాభాగం ప్రభుత్వపరమైంది. ప్యాలెస్ ఇప్పటికీ లోపలే ఉంది.

ఈ నేల 350 ఎకరాల పైచిలుకు. దక్కను పీఠభూమికి సహజమైన చిట్టడవి ఇది. సీతాఫలం, మోదుగ, రేల, వేప, చందనం. నెమళ్లు అందరికీ కనిపిస్తాయి. అలుగు, ఏదుపంది, పునుగుపిల్లి రాత్రిపూట తిరిగేవి కాబట్టి కనిపించవు. వేసవిలో ఆకు రాలి మోడువారినప్పుడు చూసి, ఇక్కడ పచ్చిక పరిచి పూలమొక్కలు పెడితే ఎంత బాగుండునో అనేవాళ్లున్నారు. ఆ ఎండిన ఆకుల కిందే పురుగులు బతుకుతాయి, వాటి మీద పిట్టలు బతుకుతాయి. ఊడ్చి శుభ్రం చేస్తే ఇక్కడ బతికేది ఏమీ ఉండదు.

అందం ఒక్కటే తోటను కాపాడగలిగితే నాంపల్లి బాగ్-ఎ-ఆమ్, అంటే మన పబ్లిక్ గార్డెన్స్, చెక్కుచెదరకుండా ఉండేది. ఆ తోటలో వెలిసినవివి: టౌన్‌హాలుగా కట్టి తర్వాత శాసనసభ అయిన భవనం, జూబ్లీహాలు, మ్యూజియం, బాలభవన్, లలితకళా తోరణం, తెలుగు విశ్వవిద్యాలయం. వీటిలో వద్దనదగ్గది ఒక్కటీ లేదు. ఒక్కో మంచిపనికి ఒక్కో ముక్క ఇస్తూ పోతే చెట్లకు మిగిలింది ఎంతో అక్కడికి వెళ్తే తెలుస్తుంది. నగరంలో ఖాళీగా కనిపించే ప్రభుత్వ స్థలానికి ఎప్పుడూ ఏదో ఒక అవసరం కాచుకుని ఉంటుంది.

కేబీఆర్‌కు ఆ గతి పట్టకుండా అడ్డున్నది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం. జాతీయ వన్యప్రాణి మండలి సిఫారసు లేకుండా రాష్ట్ర ప్రభుత్వం జాతీయ ఉద్యానం హద్దులు మార్చడానికి వీల్లేదు. మహావీర్ హరిణ వనస్థలికీ, చిలుకూరు దగ్గరి మృగవనికీ ఉన్న రక్షణే ఇది.

అయితే ఈ చట్టం బలమంతా హద్దు లోపలే. 2016లో పార్కు చుట్టూ ఉన్న కూడళ్లలో ఫ్లైఓవర్ల కోసం చెట్లు కొట్టబోతున్నారని తెలిసి నడకకు వచ్చేవాళ్లు, విద్యార్థులు, పర్యావరణ కార్యకర్తలు రోడ్డెక్కారు, మానవహారం కట్టారు. జాతీయ హరిత ట్రిబ్యునల్ నరికివేతపై స్టే ఇచ్చింది. ఇన్నేళ్లలో నాకు గర్వకారణమైన ఘట్టం అదే. నడక కోసం వచ్చినవాళ్లు అడవికి కాపలాదారులయ్యారు. 2020లో కేంద్రం పార్కు చుట్టూ పర్యావరణ సున్నిత మండలాన్ని నోటిఫై చేసింది. దాని వెడల్పు ఒకచోట 3 మీటర్లు, ఎంత ఎక్కువున్నా 30 మీటర్ల లోపే. అంత సన్నటి పట్టీ చుట్టుపక్కల హోరును, రాత్రి వెలుతురును ఆపుతుందని నేను నమ్మను.

ఇక బాగుచేయడం అంటారా, ఇక్కడ చేయాల్సినవాటి కంటే మానాల్సినవే ఎక్కువ. కొత్త దీపాలు వద్దు, సిమెంటు దారులు వద్దు. నెమళ్లకు గింజలు, కోతులకు అరటిపళ్లు తేవద్దు. లాంటానా పొదలు అల్లుకున్నచోట తీసేసి స్థానిక మొక్కలకు చోటివ్వాలి. ఎండాకాలం నీటిగుంటలు ఎండిపోకుండా చూడాలి. పాతికేళ్లు దాటిన ఉద్యానానికి కానుకగా నేను అటవీశాఖను కోరేది రెండే. ఉద్యానం హద్దుల పటాన్ని సర్వే వివరాలతో సహా, తెలుగులో, ప్రతి గేటు దగ్గరా పెట్టాలి. ఏటా పిట్టల లెక్క తీసి దాని పక్కనే అంటించాలి. పటంలో గీత ఎక్కడుందో ఎరిగినవాళ్లు వేలల్లో ఉంటే, రేపు ఎవరైనా ఆ గీతను జరపబోయినప్పుడు అడిగేవాళ్లూ వేలల్లో ఉంటారు.